కోనసముద్రం ఉక్కు వర్తకం

ఉత్తర తెలంగాణ కొలిముల్లో చేసిన మూస ఉక్కును పర్షియా కత్తుల కోసం ఎగుమతి చేసిన వ్యాపారమిది. గోల్కొండ సుల్తానుల ఏలుబడిలో, 17వ శతాబ్దంలో ముమ్మరంగా సాగి, 19వ శతాబ్దం తొలినాళ్ల వరకూ నిలిచింది. సముద్ర వర్తకం గురించి రాసేవారు సాధారణంగా రేవు దగ్గర మొదలుపెడతారు. ఈ సరుకు కథ మాత్రం రేవుకు వందల మైళ్ల లోపల, అడవి అంచు ఊళ్లలో మొదలవుతుంది.

కోనసముద్రం నేటి నిజామాబాద్ జిల్లాలో, పాత కరీంనగర్ సరిహద్దుకు దగ్గర్లో ఉంది. జగిత్యాల వైపు ఇబ్రహీంపట్నం, ఆదిలాబాద్ వైపు నిర్మల్ ఈ పనికి పేరుపడ్డ మరికొన్ని చోట్లు. నిర్మల్‌కు తూర్పున ఉన్న దిమ్మదుర్తిలో అయస్కాంత గుణమున్న ఇనుప ఇసుకను కడిగి, బొగ్గుతో కరిగించేవారు. అడవి పక్కనే ఉండడంతో బొగ్గుకు కొదవ లేదు.

కోనసముద్రంలో ఉక్కు తయారీని కళ్లారా చూసి రాసినవాడు హెన్రీ వాయ్సీ. లాంబ్టన్ నడిపిన మహా త్రికోణమితి సర్వేలో వైద్యుడు, భూగర్భ పరిశీలకుడు. 1824లో మరణించాడు, ఈ వర్ణన 1832లో అచ్చయింది. రెండు వేర్వేరు చోట్ల ఇనుమును పాళ్ల ప్రకారం కలిపి, మట్టి మూసలో పెట్టి, మూత బిగించి కొలిమిలో కాచేవారు. మూసలో అడుగున తేరిన ఉక్కు బిళ్ల సుమారు 700 గ్రాములుండేది. గట్టిదనం మరీ ఎక్కువ కావడంతో దానికి మట్టి పూసి మళ్లీ మళ్లీ కాచి, సాగే గుణం తెప్పించేవారు. వాయ్సీ అక్కడ ఇస్ఫహాన్ వర్తకుడు హాజీ హుస్సేన్‌ను చూశాడు. అతను మూసలో పడే పాళ్లను తానే తూచి, బిళ్ల విరిగిన చోటును తానే పరీక్షించేవాడు. అంతదూరం నుంచి వచ్చి కొలిమి దగ్గరే కూర్చున్నాడంటే, దళారుల మాట మీద కొనే సరుకు కాదన్నమాట. ఈ ఉక్కును తమ దేశంలో చేయబోయి పర్షియావాళ్లు విఫలమయ్యారని కూడా అతనే చెప్పాడు.

ఇందులో కర్బనం ఒకటి నుంచి రెండు శాతం దాకా ఉంటుంది. తక్కువ వేడిలో, ఓపిగ్గా సాగగొడితేనే కత్తి అలుగు మీద నీటి అలల్లాంటి చారలు తేలతాయి. వేడి మించితే సుత్తి దెబ్బకు పొడిపొడిగా రాలిపోతుంది. గోల్కొండ నుంచి వచ్చే ఉక్కుకే ఈ చారలు పడతాయని ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే 17వ శతాబ్దంలోనే రాశాడు.

గోల్కొండ రాజ్యానికి ప్రధాన రేవు మచిలీపట్నం. 17వ శతాబ్దం మొదట్లోనే డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు అక్కడ కోఠీలు పెట్టారు. కలంకారీ వస్త్రాలు పెద్ద సరుకు. ఉక్కు వాటితో పాటే ఓడ ఎక్కేది. పర్షియా వైపు ఓడలు 1622 తర్వాత బందర్ అబ్బాస్ చేరేవి. డచ్చివారు బటావియాకూ ఉక్కు పంపారు. తిరుగు ఓడల్లో గుర్రాలు, పన్నీరు, ఎండుపండ్లు పర్షియా నుంచి, జాజికాయ, లవంగం, జపాన్ రాగి తూర్పు నుంచి వచ్చేవి. లెక్క చూస్తే ఇక్కడి కమ్మరికి దక్కింది బిళ్ల ధరే. కత్తి ధర, కత్తికి పేరు ఇస్ఫహాన్ పనివారివి.

1820ల నాటికి లండన్‌లో శాస్త్రవేత్త మైకేల్ ఫారడే, కత్తుల తయారీదారు జేమ్స్ స్టోడార్ట్ భారతీయ ఉక్కు నమూనాల మీద ప్రయోగాలు చేస్తున్నారు. 19వ శతాబ్దంలో చవకైన విలాయతీ ఉక్కు దిగడంతో ఇక్కడి కొలిములు ఒక్కొక్కటే ఆరిపోయాయి. ఆ కొలిముల ఆనవాళ్ల కోసం చరిత్ర పరిశోధకుడు జైకిషన్ ఊరూరూ తిరిగి చిట్టెం దిబ్బలు, మూస పెంకులు గుర్తించి పుస్తకం తెచ్చారు. 2010లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయం, బెంగళూరు జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ పరిశోధకులు ఆయనతో కలిసి ఈ ప్రాంతమంతా సర్వే చేశారు.