బతికినవాళ్ల లెక్క: రక్తపింజర కాటు, మూత్రపిండాలు, మన గణాంకాలు

పాముకాటు మీద మన దగ్గర వచ్చిన పరిశోధన చాలావరకు చావుతో మొదలై చావు దగ్గరే ఆగిపోతుంది. మరణాల కారణాలపై జరిగిన మిలియన్ డెత్ స్టడీ ఆధారంగా 2011లో మహాపాత్ర బృందం ప్రచురించిన వ్యాసం 2005లో దేశం మొత్తం మీద 45,900 మంది పాముకాటుతో పోయారని అంచనా కట్టింది. మరణాల రేటులో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం, లక్షకు 6.2. 2020లో సురవీర బృందం 2000 నుంచి 2019 దాకా మరణాలు 12 లక్షలని తేల్చింది. ఆసుపత్రి రికార్డుల్లోకి ఎక్కని చావులను ఇళ్లకు వెళ్లి అడిగి రాబట్టిన పని అది. దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. నా పేచీ వాళ్ల ప్రశ్నతోనే. చనిపోయినవాళ్ల ఇంటికి వెళ్లి ఎలా పోయారని అడిగారు. కాటు పడి బతికినవాళ్ల గడప తొక్కలేదు. తర్వాత వచ్చినవాళ్లలో చాలామంది ఆ సంఖ్యలనే ముందుమాటలో పెట్టుకుని, పాముకాటు భారమంటే ఇంతేనన్నట్టు రాసుకుపోయారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం ప్రపంచం మొత్తం మీద ఏటా 81,000 నుంచి 1,38,000 మరణాలని చెబుతూ, అవయవాలు తీసేయాల్సి వచ్చినవాళ్లు, శాశ్వత వైకల్యంతో మిగిలినవాళ్లు దానికి మూడింతలని అంటోంది. ఆ మూడింతల మంది ఎక్కడున్నారు?

దివిసీమలో ఒక కౌలురైతు ఇంట్లో ఈ అనుమానం నాకు మొదలైంది. ఆ ఇంటి ఇల్లాలికి నలభై దాటి ఉండవు. కుప్ప వేస్తుంటే పనల కింద నుంచి పింజర మడమ పైన కాటేసింది. ఆమె మంత్రగాడి దగ్గరకు పోలేదు. ఆటో ఎక్కి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికే పోయింది. అక్కడ విషానికి విరుగుడు సూది మందు లేదని పట్నానికి రాసిచ్చారు. చేరేసరికి చిగుళ్ల నుంచి రక్తం, సాయంత్రానికి మూత్రం బంద్. మందు పడింది, ప్రాణం నిలిచింది. ప్లాస్టిక్ కవర్లో భద్రంగా దాచిన డిశ్చార్జి కాగితం తీసి చూపించింది. చివరి వరుసలో ‘కోలుకున్నారు’ అని ఉంది. ఆ కాగితం ఇచ్చేటప్పుడే వారానికి రెండుసార్లు డయాలిసిస్‌కు రమ్మన్నారు. ‘‘పాము సంగతి అప్పుడే అయిపోయింది బాబూ, ఇది కిడ్నీ జబ్బంట’’ అంది. ఇంట్లోవాళ్లదీ ఇదే మాట. రేపు ఆమెకేమైనా అయితే అడగడానికి వచ్చినవాళ్లకు కూడా వాళ్లు ఇదే చెబుతారు. మూలకారణాన్ని వైద్యులు వెతికే రాస్తారని సర్వే పక్షాన సమాధానం చెప్పొచ్చు. చెప్పిన మాటలో పామే లేనప్పుడు వైద్యుడు దాన్ని ఎక్కడి నుంచి తెస్తాడు?

పింజర విషం రక్తంలో గడ్డకట్టే శక్తిని హరిస్తుంది, మూత్రపిండాలనూ దెబ్బతీస్తుంది. మూత్రపిండంలో నాళికలు దెబ్బతింటే వారాల్లో తేరుకోవచ్చు. బయటి పొర చచ్చిపోతే అది తిరిగి రాదు. రక్తంలో తిరుగుతున్న విషాన్ని సూది మందు విరుస్తుంది గానీ, అప్పటికే పోయిన కణాన్ని బతికించలేదు. అందుకే అంతా మొదటి గంటల్లోనే ఉంది. కొత్త పొడి గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం పోసి, కదపకుండా ఇరవై నిమిషాలు ఉంచి, ఒకసారి వంచి చూడాలి. గడ్డకట్టకుండా కారితే మందు మొదలుపెట్టాలి. నేను చూసిన ఒక కేంద్రంలో గొట్టాన్ని సర్ఫుతో కడిగి మళ్లీ వాడుతున్నారు. అలాంటి గొట్టంలో మంచి రక్తం కూడా గడ్డకట్టకపోవచ్చు. ఆ కేంద్రంలో గోడ గడియారం మాత్రం సరిగ్గానే నడుస్తోంది.

ఆ ఇల్లాలి ఊళ్లోనే ఇంకొకాయనకు కాటు తర్వాత గడ్డం మొలవడం తగ్గింది, ఒంట్లో సత్తువ పోయింది. నీరసమని టానిక్కులు రాస్తున్నారు. పింజర విషం పిట్యూటరీ గ్రంథిని దెబ్బతీస్తుందని బర్మా వైద్యులు 1987లోనే రాశారు. ఈయనది అదో కాదో హార్మోన్ల పరీక్ష చెప్పాలి. ఆ పరీక్ష ఎవరూ రాయలేదు.

ఏళ్లు గడిచాక ఏ పాము కరిచిందో రోగి మాట ఎలా నమ్మేదని అడుగుతారు. విశాఖపట్నంలో పనిచేసిన పాట్రిక్ రస్సెల్ 1796 నాటి తన గ్రంథంలో రక్తపింజరను మనవాళ్లు చెప్పిన ‘కాటుక రేకుల పొడ’ అన్న పేరుతోనే ఎక్కించాడు. తర్వాత ఆ పాముకే ఆయన పేరు తగిలించారు. కట్లపాముల ప్రజాతి పేరు బంగారస్‌లో ఉన్నది మన ‘బంగారు’ మాటే. శాస్త్రం ఈ ఊళ్ల నుంచి పేర్లు తీసుకుంది కాబట్టి ఈ ఊళ్ల జ్ఞాపకాన్నీ నమ్మవచ్చు. అయితే కొండచిలువ పిల్లను చూసి పింజర అనుకోవడమూ లేకపోలేదు.

వరి పండే ఊళ్లలో కారణం తెలియదని రాస్తున్న మూత్రపిండ జబ్బుల్లో కొంత భాగం పాత పాముకాట్లదేనని నేను నమ్ముతున్నాను. మూత్రపిండ జబ్బులతో సతమతమవుతున్న ఉద్దానంలో ఆ జబ్బుకు కారణం వెతికేవాళ్లు కూడా ఈ ప్రశ్న అడగాలి. పాముకాటు కేసులనూ మరణాలనూ తప్పనిసరిగా నమోదు చేయాలని 2024 నవంబరులో కేంద్రం రాష్ట్రాలను కోరింది. ఆ నమోదు కాటు పడిన రోజుతో ఆగకూడదు. డయాలిసిస్ కేసు షీటులో ‘ఎప్పుడైనా పాము కరిచిందా, ఏ ఏడాది’ అని ఒక గడి చేర్చాలి. దివిసీమ ఇల్లాలి షీటు నేను చూశాను. జబ్బుకు కారణం రాయాల్సిన చోట ‘తెలియదు’ అని ఉంది.