చేవగల పెట్టె

అక్షయ తృతీయ వస్తోంది, బంగారం మీద ఏదైనా రాయండి, గురువారంలోగా ఇచ్చేయండి అన్నారు పత్రిక అనుబంధం చూసే మిత్రులు. బంగారం మీద రాసేవాళ్లకు కొదవేముంది? ఈ పది రోజులూ బెజవాడ బీసెంటు రోడ్డులో హోర్డింగులే ఆ పని చేస్తాయి. నా కన్ను మాత్రం అటక మీదున్న అమ్మమ్మ నగల పెట్టె మీద పడింది.

మూరెడు పొడవు, జానెడు ఎత్తు. టేకు చేవ. మూత మీద చారలు మంట నాలుకల్లా పైకి లేస్తాయి. ఒకే చెక్కను నిలువునా చీల్చి, ఆ రెండు రేకులనూ పుస్తకం విప్పినట్టు పక్కపక్కన అతికించాడు వడ్రంగి. అందుకే ఎడమవైపు మంటకు కుడివైపు మంట అద్దంలో నీడలా ఉంటుంది. ముందు పలక మీద మొదలైన చార మూల తిరిగి పక్క పలక మీదికి పోతుంది. నాలుగు పక్కలనూ ఒకే పలకలోంచి వరసగా కోశాడన్నమాట. మూడు మూలల్లో చార కలుస్తుంది, నాలుగోదాంట్లో కలవదు. పలకకు మొదలూ చివరా ఉంటాయి కదా, ఎలా కలుస్తుంది? ఆ కలవని మూలను గోడవైపు తిప్పి కూర్చాడు. ఎన్నో ఏళ్లు ఆ పెట్టె చూశాను గానీ ఈ సంగతి మొన్న దుమ్ము తుడుస్తుంటేనే పట్టుబడింది.

ఇలాంటి చారల చెక్కతో పని కష్టం. చారలు అటూ ఇటూ తిరిగి ఉంటాయి గనక చిత్రిక పడితే పేళ్లు లేస్తాయి. పగిలిన గాజుపెంకు అంచుతో ఓపిగ్గా గీకి నునుపు తేల్చేవారు పాతకాలపు పనివాళ్లు.

కృష్ణా గోదావరి డెల్టాలో పెట్టె చరిత్ర చెప్పాలంటే భట్టిప్రోలు దగ్గర మొదలెట్టాలి. 1892లో పురావస్తు అధికారి అలెగ్జాండర్ రీ అక్కడి బౌద్ధ స్తూపం తవ్విస్తే రాతి పెట్టె, అందులో స్ఫటికపు భరిణె, బంగారు పూలు బయటపడ్డాయి. ధాతువులు దాచిన ఆ పెట్టెకు శాసనంలో వాడిన మాట ‘మజూస’, అంటే మంజూష. క్రీస్తుకు పూర్వపు అక్షరాలవి. రాయి నిలిచింది. చెక్క పెట్టెల్ని మాత్రం మన తేమా చెదలూ బతకనిస్తాయా! అందుకని అక్కడినుంచి ఒక్క అంగలో 1244కు దూకుతాను. మోటుపల్లి రేవులో కాకతీయ గణపతిదేవుడు వేయించిన అభయశాసనంలో గంధం, కర్పూరం, ముత్యాలు, దంతం అన్నిటికీ సుంకం కట్టి ఉంది. పెట్టెకు కావలసిన సరంజామా అంతా ఆ పట్టీలో ఉంది, ఒక్క పెట్టె తప్ప. ఇంకో అంగ వేస్తే 1611, ఇంగ్లీషువాళ్లు బందరులో కొట్టు తెరిచారు. ఆ శతాబ్దంలోనే నరసాపురంలో గోదావరి టేకుతో ఓడలు కట్టారు.

ఇక నేను ఆగాలనుకున్న చోటు వచ్చింది, విశాఖపట్నం. డెల్టా దాటి పోతున్నానని బందరువాళ్లు నన్ను మన్నించాలి.

పద్దెనిమిదో శతాబ్దంలో అక్కడ తయారైన పెట్టెల్లాంటివి, నా లెక్కలో, తెలుగునేల మీద ముందూ లేవు, తరవాతా లేవు. మొదట్లో జిట్రేగి, నల్లచేవ మానుల కర్రను తొలిచి దంతపు పూలతీగెలు పొదిగేవారు. 1756లో ఆ ఊరు చూసిన జాన్ కార్నీల్ అనే బ్రిటిష్ సైనికాధికారి ఆ పొదుగుడు పనిని మెచ్చుకుంటూ రాసుకున్నాడు. ఆ తరవాత పద్ధతి తిరగబడింది. గంధపు చెక్కతో పెట్టె చేసి, దానిమీద దంతాన్ని పల్చని రేకులుగా కోసి కప్పేయడం మొదలైంది. దంతం మీద సన్నని మొనతో గీతలు చెక్కి, వాటిలోకి కరిగించిన నల్ల లక్క పోసి, పైన మిగిలిందాన్ని గీకేస్తే కలంతో గీసినట్టే ఉండేది. కొన్ని పెట్టెల్ని అచ్చం ఇళ్లలాగే చేశారు. వాలు కప్పే మూత, గోడలకు కిటికీలు, తలుపులు. బయట ఇంగ్లీషు బంగళా, మూత తీస్తే మన గుడి గంధం వాసన!

చేసింది ఎవరు? కంసాలులు. వడ్రంగి, కంసాలి, కమ్మరి, కంచరి, శిల్పి, ఈ ఐదు పనులవాళ్లూ ఒకే విశ్వకర్మ వంశమని చెప్పుకుంటారు గదా. నగ చేసిన చేతులకూ, ఆ నగ దాచే పెట్టె చేసిన చేతులకూ చుట్టరికం ఉందన్నమాట. బంగారం మీద వెంట్రుక మందం గీత గీయగలవాడికి దంతం ఒక లెక్కా?

మద్రాసు గవర్నరుగా 1773 నుంచి 1775 దాకా ఉన్న అలెగ్జాండర్ వించ్ గంధపు చెక్క మీద దంతం తొడిగిన కుర్చీలూ అవీ ఇంగ్లండు పట్టుకుపోయాడు. 1781లో అతని ఇంటి సామాను వేలానికొస్తే మూడో జార్జి రాజు వాటిని షార్లెట్ రాణి కోసం కొన్నాడు. అవి ఇప్పటికీ రాజకుటుంబపు సేకరణలో ఉన్నాయి. చేసినవాళ్ల పేర్లు లేవు. వేలంలో కొన్నవాడి పేరు మాత్రం భద్రంగా ఉంది.

డెల్టాకు తిరిగొద్దాం. 1852లో మొదలైన బెజవాడ ఆనకట్ట 1855కల్లా పూర్తయింది. కాలవలు తవ్వారు. ఏలూరు కాలవతో కృష్ణా గోదావరీ కలిశాయి. నీళ్లొచ్చాక వడ్లొచ్చాయి, వడ్లొచ్చాక నగలొచ్చాయి, నగలొచ్చాక దొంగల భయమొచ్చింది. నలుగురు పట్టినా కదలని భోషాణాలు, వాటిలోపల ఇమిడే చిన్న పెట్టెలు, ఆ పెట్టెల్లో దొంగ అరలు.

ఇక్కడిదాకా కథ బాగానే నడిచింది. ఈమధ్య కాలానికొచ్చేసరికి దేని వెనక ఏది వచ్చిందో చెప్పడం కష్టం. 1963లో పద్నాలుగు క్యారెట్లు మించిన నగ చేయకూడదని ప్రభుత్వం కట్టడి పెట్టింది, కంసాలుల చేతుల్లో పని పోయింది. ఇనప బీరువా వచ్చింది. 1972 వన్యప్రాణి చట్టానికి తరవాత చేసిన సవరణలతో దంతం వ్యాపారం మూతపడింది, మంచిదే. బ్రిటన్‌లో 2022 నుంచి అమలవుతున్న చట్టంతో ఆ పాత విశాఖ పెట్టెల్ని కూడా ప్రత్యేక మినహాయింపు లేకుండా అమ్మడానికి వీల్లేదు. చారల్లో అలలు తిరిగిన ఎర్రచందనానికి విదేశాల్లో గిరాకీ ఉంది, ఇక్కడ ఆ దుంగ చేతిలో కనిపిస్తే పోలీసులొస్తారు. కొండపల్లిలో ఇంకా చెక్కుతున్నారు గానీ వాళ్ల తెల్లపొణికి బొమ్మల కర్ర. తేలిగ్గా ఉంటుంది, రంగు బాగా పడుతుంది. నగల బరువు మోసే రకం కాదు. చిలకలపూడి రోల్డుగోల్డుకు మాత్రం ఏ పెట్టే అక్కర్లేదు, ప్లాస్టిక్ డబ్బా చాలు.

అసలు దెబ్బ బందరులోనే పడిందని నా అనుమానం. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు అక్కడ ఆంధ్రా బ్యాంకు పెట్టారు. ఊళ్లలోకి బ్యాంకులొచ్చాక, వాటి వెనకే లాకర్లొచ్చాక, నగలు ఇల్లు మారాయి. ఆ బ్యాంకు కూడా 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది, అది వేరే సంగతి.

అమ్మమ్మ పెట్టెకూ అడుగున ఒక దొంగ అర ఉంది. ఎడమ పలకను బొటనవేలితో నొక్కి పక్కకు జరపాలి. ఒకప్పుడు అందులో కాసులపేరు ఉండేదట. మొన్న తీసి చూశాను. కర్పూరం వాసన ఇంకా ఉంది, అమ్మ లాకరు తాళంచెవి ఉంది.