పలక అటకెక్కిన వయస్సు

గుడివాడనుండి కైకలూరునకు పోవు త్రోవలో, ఒకనాడు వరిచేలును నేడు చేపల చెరువులును పరచుకొన్న ముదినేపల్లి ప్రాంతమున, ఆడపిల్ల చదువు ఏనాడు ఆగిపోవునో మన ముత్తవ్వల కాలమున ఇంటిల్లిపాదికి ముందే తెలిసియుండెడిది. పిల్ల పెద్దమనిషి అయినదని ఇరుగుపొరుగు ముత్తైదువలకు కబురంపి, ఆమెను మూలగదిలో తాటాకుచాపపై కూర్చుండబెట్టి, చిమ్మిలి తినిపించి, హారతి పాటలు పాడుచుండగా, నిన్నటిదాక ఆమె చంకనుండిన పలక అటకమీదికి చేరెడిది. అది మరల దిగిన, తమ్ముని కొఱకే దిగెడిది.

ఆ తల్లిదండ్రులను నిర్దయులనుటకు నాకు మనసొప్పదు. రజస్వల కాకమునుపే కన్యాదానము జరుగవలెనని బ్రాహ్మణగృహములలోని శాస్త్రభయమును, ఎదిగిన పిల్ల నలుగురి కంట బడరాదని రైతు లోగిళ్లలోని లోకభయమును, ఊరి బడి చిన్న తరగతులతోనే ముగియగా పైచదువునకు కాలువగట్టు వెంబడి పొరుగూరికి పోవలసివచ్చుటయు కలిసి వారి చేతులు కట్టివేసినవి. కూలివారి పిల్లకు ఆ చాపముచ్చట వఱకైనను చదువు సాగలేదు; తల్లి నాట్లకు పోగా చంటిబిడ్డను ఎత్తుకొనుటకు ఆమె అంతకుమునుపే బడి మానెడిది.

బడి మొగమెఱుగకయే తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావు చెంత అక్షరములు నేర్చిన భండారు అచ్చమాంబ, ఓరుగంటి సుందరీరత్నమాంబతో కూడి 1902లో బందరున బృందావన స్త్రీసమాజమును నెలకొల్పినది. స్త్రీలు ఒకచోట కూడి చదువుకొనుట తప్పుగాదని కృష్ణాతీరమునకు చూపిన ఆమె 1905లోనే, ముప్పదియొకటవ యేటనే, కన్నుమూసినది.

తరువాత శారదాచట్టము వచ్చినది. 1929లో ఆమోదము పొంది 1930 ఏప్రిల్ 1నుండి అమలైన ఆ చట్టము కన్యకు 14 ఏండ్లు నిండవలెనని విధింపగా, అది చెల్లని ఫ్రెంచివారి యానామునకు పిల్లలను తీసికొనిపోయి పెండ్లిండ్లు చేసిన తెలుగువారు ఎందఱో! ఆ ఊరికి కల్యాణపురమను పేరు ఆ పెండ్లిండ్ల వలననే కలిగినది. చట్టమునకు తలయొగ్గిన ఇండ్లలో సైతము పెండ్లి వెనుకకు జరిగినదేకాని బడి ముందుకు జరుగలేదు. సమర్తకును పెండ్లికిని నడుమ దొరికిన ఆ వత్సరములు పిల్లకు పేడకళ్లెత్తుటతోను, చెల్లెండ్లను సాకుటతోను గడచిపోయినవి. విద్యకు దక్కవలసిన కాలము నిరీక్షణకు దక్కెనని చెప్పుటకు నా మనస్సు నేటికిని నొచ్చుచున్నది.

వివాహవయస్సు 1949లో 15కును, 1978లో 18కిని పెరిగినది. 2010 ఏప్రిల్ 1నుండి అమలైన విద్యాహక్కు చట్టమో, 6 ఏండ్లు మొదలు 14 ఏండ్ల వఱకే బాలలకు ఉచిత నిర్బంధ విద్యను చెప్పుచున్నది. నాడు శారదాచట్టము పెండ్లికి గీసిన గీత ఏదో, నేడు చదువునకు గీసిన గీతయు అదియే. 14నకును 18కిని నడుమనున్న నాలుగేండ్లలోనే మన పిల్లలు బడికి దూరమగుచున్నారు. పదవ తరగతి పరీక్షయు, ఇంటరు చదువును ఆ నాలుగేండ్లలోనివే. చట్టము చేయి విడిచిన ఆ నాలుగేండ్లు పిల్ల చేయి విడువవలదని తండ్రులను, అంతకంటె మిక్కిలిగా తల్లులను వేడుకొనుచున్నాను.