నియమగిరి స్త్రీలు: దేవుడూ, శ్రమా

మన సాహిత్యంలోకి ఆదివాసీ స్త్రీ ఎక్కువగా రెండు రూపాల్లో వస్తోంది: దగాపడిన అబలగా, లేదా అడవితల్లిగా. ఈ రెంటిలోనూ ఆమె శ్రమ కనబడదు. ఈ లోపం చరిత్ర అవగాహనను ఎలా దెబ్బతీస్తుందో చూపడానికి నేను నియమగిరి పోరాటాన్ని తీసుకుంటున్నాను.

ఒడిశాలో రాయగడ, కలహండి జిల్లాల్లో ఉన్న ఈ కొండలు మనకు పరాయివి కావు. శ్రీకాకుళం పొలాలకు చేరే వంశధారకు నీరిచ్చే వాగులు అక్కడ పుడతాయి. అక్కడి డోంగ్రియా కోంధులు మాట్లాడే కువి ద్రావిడ భాషే. ఆ కొండ నెత్తిన సుమారు 7 కోట్ల టన్నుల బాక్సైటు ఉంది. దాన్ని నమ్ముకొనే వేదాంత సంస్థ కింద లాంజిగఢ్‌లో అల్యూమినా కర్మాగారం కట్టింది.

2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ఈ వ్యవహారాన్ని గ్రామసభల ముందు పెట్టింది. తీర్పులో ముందు నిలిచింది నియమరాజు ఆరాధన, అంటే మతహక్కు. వందకు పైగా ఊళ్లుండగా రాష్ట్ర ప్రభుత్వం 12 ఊళ్లనే ఎంచింది. జూలై 18న సెర్కపాడిలో మొదలై ఆగస్టు 19న జరపాలో ముగిసిన ఆ సభలన్నీ గనిని తిరస్కరించాయి. స్త్రీలూ లేచి మాట్లాడారు. కోర్టు అడిగింది దేవుడి గురించి; సభల్లో దేవుడితో పాటు వాగులూ, పోడు భూములూ, పండ్ల చెట్లూ చర్చకు వచ్చాయి.

దీనికి భౌతిక కారణం ఉంది. బాక్సైటు పొర వాననీటిని పీల్చుకొని ఊటలుగా వదులుతుంది. ఆ నీరు ఇంటికి మోసేది స్త్రీ. పోడులో పనిచేసి, పసుపూ అల్లమూ అనాసా నెత్తిన పెట్టుకొని సంతకు నడిచేదీ ఆమే. ఊట ఎండితే, సొంత పంట అమ్ముకునే మనిషి కూలి కోసం చెయ్యిచాస్తుంది. నియమరాజును పక్కన పెట్టమని నేననడం లేదు. శిఖరం మీది అడవి నరకరాదన్నది ఆయన కట్టడి. ఆ కట్టడి కాపాడేది కింది ఊటనే. అక్కడి భక్తిలో ఉత్పత్తి నియమం ఇమిడి ఉంది.

2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ గనికి అనుమతి నిరాకరించింది. సభలు మళ్లీ జరపాలన్న ఒడిశా కోరికను 2016లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. కర్మాగారం మాత్రం ఆగలేదు. 2023లో ఆ జిల్లాల్లోనే ఉన్న సిజిమాలి కొండ గని వేలంలో వేదాంతకు దక్కింది. అక్కడా ప్రతిఘటన మొదలైంది.

సిజిమాలి మీద రేపు మనవాళ్లు కథలూ వ్యాసాలూ రాస్తారు. అప్పుడైనా అక్కడి స్త్రీ ఏం పండిస్తుందో, ఏ వాగు నీళ్లు మోస్తుందో, ఏ సంతలో ఎంతకు అమ్ముతుందో తెలుసుకొని రాయాలి.