రెండు బాల్కనీల మధ్య గాలి: ఆస్ట్రేలియా అపార్ట్‌మెంట్ తగాదాల్లో అప్పీలు పరిధి

క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలోని నూసా పట్టణంలో విరిడియన్ అనే గృహసముదాయం ఉంది. అక్కడి ఇంటి యజమాని ఒకరు తన రెండు బాల్కనీలనూ కలిపి ఒకే డెక్‌గా చేసుకోవాలనుకున్నారు. వాటి మధ్య ఉన్నది ఐదు చదరపు మీటర్ల ఖాళీ, వట్టి గాలి. అయితే ఆ గాలి ఆయనది కాదు, యజమానులందరి ఉమ్మడి ఆస్తి. దాన్ని ఒకరి సొంత వాడకానికి వదిలేయాలంటే సర్వసభ్య సమావేశంలో ఒక్క వ్యతిరేక ఓటు కూడా పడకూడదు. పడ్డాయి. ఆ తగాదా 2016 అక్టోబరు 12న ఆస్ట్రేలియా హైకోర్టులో తేలింది. ఆ దేశంలో హైకోర్టే అత్యున్నత న్యాయస్థానం. ఐదు చదరపు మీటర్ల కోసం అంత దూరమా అనిపిస్తుంది. కానీ అప్పీలంటే ఏమిటో తెలియాలంటే ఇంతకన్నా మంచి కేసు దొరకదు.

క్వీన్స్‌లాండ్‌లో ఇలాంటి సముదాయంలోని యజమానులందరి సంస్థను బాడీ కార్పొరేట్ అంటారు. అది మన కాలనీ సంక్షేమ సంఘం లాంటిది కాదు. ఇల్లు కొన్న మరుక్షణం, ఇష్టమున్నా లేకున్నా, ప్రతి యజమానీ అందులో సభ్యుడైపోతాడు. 1997 నాటి చట్టం ఈ సంస్థల తగాదాల కోసం ప్రత్యేకంగా ఒక కమిషనర్ కార్యాలయాన్ని పెట్టింది. రాజీ కుదరకపోతే విషయం తీర్పు చెప్పే అధికారి, అంటే అడ్జుడికేటర్ దగ్గరకు వెళ్తుంది. అక్కడ సాక్షులు, వాదోపవాదాల హడావిడి పెద్దగా ఉండదు. చాలావరకు కాగితాల మీదే విచారణ ముగుస్తుంది. ఆదేశం నచ్చనివారు ఆరు వారాల్లో రాష్ట్ర సివిల్, పరిపాలనా ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకోవచ్చు. 2009 డిసెంబరులో మొదలైన ఈ ట్రిబ్యునల్ ఇలాంటి అప్పీలులో చూసేది ఒక్కటే: అడ్జుడికేటర్ చట్టం విషయంలో పొరబడ్డారా?

ఆదేశం అన్యాయంగా ఉందనో, తాను చెప్పింది నమ్మలేదనో వాపోతే అక్కడ వినిపించుకోరు. సెక్షన్‌ను తప్పుగా చదవడం, ఒక పక్షానికి చెప్పుకునే అవకాశమే ఇవ్వకపోవడం, ఏ ఆధారమూ లేకుండా ఒక నిర్ధారణకు రావడం లాంటివి చూపించాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. అప్పీలు వేసినంత మాత్రాన ఆదేశం అమలు ఆగదు, స్టే విడిగా అడగాలి.

విరిడియన్ కేసులో నాలుగు మెట్లలోనూ ఫలితం అటూ ఇటూ మారుతూ పోయింది. పొరుగువారి వ్యతిరేకత సహేతుకంగా లేదని అడ్జుడికేటర్ డెక్‌కు అనుమతిచ్చారు. 2014లో ట్రిబ్యునల్ ఆ ఆదేశాన్ని కొట్టేసింది. 2015లో రాష్ట్ర అప్పీళ్ల కోర్టు దాన్ని మళ్లీ నిలబెట్టింది. చివరికి హైకోర్టు ట్రిబ్యునల్ చెప్పిందే సరైనదంది. ఇన్నేళ్లలో బాల్కనీలు మారలేదు, కొలతలు మారలేదు. మారిందల్లా అడగవలసిన ప్రశ్న. ఇరుపక్షాల వాదాలనూ తూకం వేసి, డెక్ కట్టనివ్వడం సబబా కాదా అని అడ్జుడికేటర్ తన సొంత అభిప్రాయానికి వచ్చారు. చట్టం అడిగింది అది కాదు. అభ్యంతరం చెప్పినవారి వైఖరి హేతువుకు అందనిదా అన్నదే అసలు ప్రశ్న. ఉమ్మడి ఆస్తిలో తమ వాటాకు నష్టం జరుగుతుంటే వద్దనే హక్కు వారికి ఉంటుందని, పగతోనో కక్షతోనో, నలుగురి దృష్టిలో పడాలనో అడ్డుపడితే అప్పుడు సంగతి వేరని హైకోర్టు తేల్చింది.

సిడ్నీ డార్లింగ్‌హర్స్ట్‌లో హ్యారీ సైడ్లర్ రూపొందించిన హొరైజన్ టవర్‌ది మరో కథ. అక్కడ అప్పట్లో పెంపుడు జంతువులకు పూర్తి నిషేధం ఉండేది. యాంగస్ అనే చిన్న ష్నౌజర్ కుక్క కోసం దాని యజమానులు పోరాడారు. న్యూ సౌత్ వేల్స్ ట్రిబ్యునల్‌లో గెలిచారు, అదే ట్రిబ్యునల్ అప్పీలు ప్యానెల్‌లో ఓడారు, 2020 అక్టోబరులో అప్పీళ్ల కోర్టులో మళ్లీ గెలిచారు. ఇరుగుపొరుగుకు ఏ ఇబ్బందీ లేని చోట కూడా యజమాని హక్కును కోసేసే నియమం అణచివేతేనని ఆ కోర్టు భావించింది. మరుసటి ఏడాదే ఆ రాష్ట్రం చట్టాన్ని సవరించింది.

రెండు రాష్ట్రాల మధ్య ఒక తేడా ఉంది. న్యూ సౌత్ వేల్స్‌లో చట్టపరమైన ప్రశ్న మీద ప్యానెల్‌కు వెళ్లడం హక్కు, మిగతా కారణాల మీద వెళ్లాలంటే అనుమతి తీసుకోవాలి. అంటే వాస్తవాల తలుపు అక్కడ ఓరగా తెరిచి ఉంటుంది. క్వీన్స్‌లాండ్‌లో అది మొదటి అప్పీలుకే మూతపడుతుంది.

మన దేశపు 2016 స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) ఆ తలుపును ఇంకొక మెట్టు పైన మూస్తుంది. అథారిటీ ఉత్తర్వు మీద 60 రోజుల్లో అప్పిలేట్ ట్రిబ్యునల్‌కు వెళ్తే వాస్తవాలూ చర్చకు వస్తాయి. తర్వాత హైకోర్టుకు వెళ్లాలంటే మాత్రం గణనీయమైన న్యాయ ప్రశ్న ఉండాలి. అయితే రెరా ప్రధానంగా బిల్డరు, కొనుగోలుదారుల మధ్య వ్యవహారం. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఫ్లాట్ ఓనర్లు తమలో తాము గొడవపడితే, వారి సంఘం 2001 సొసైటీల చట్టం కింద నమోదై ఉంటే, దారి మధ్యవర్తిత్వానికో జిల్లా కోర్టుకో పోతుంది. క్వీన్స్‌లాండ్ అడ్జుడికేటర్‌లాగా ఈ తగాదాల కోసమే కూర్చున్న అధికారి ఇక్కడ లేరు.

తలుపు ఎంత ముందుగా మూతపడితే మొదటి విచారణ మీద అంత బరువు పడుతుంది. క్వీన్స్‌లాండ్‌లోని బ్రిస్బేన్‌లో ఫ్లాట్ కొన్న తెలుగు కుటుంబం అడ్జుడికేటర్‌కు పంపే రాతపూర్వక వాదనలో ఇంజనీరు నివేదిక, ఫొటోలు, సమావేశం మినిట్స్ జత చేయకపోతే అప్పీలులో వాటిని బయటకు తీసి లాభం ఉండదు. ట్రిబ్యునల్‌లో మామూలుగా ఎవరి ఖర్చు వారిదే. ఆపై కోర్టులో ఓడితే ఎదుటివారి ఖర్చులు కూడా మీద పడవచ్చు. బాడీ కార్పొరేట్ లాయరు ఫీజు మాత్రం యజమానులు కట్టే కంట్రిబ్యూషన్ల నుంచే పోతుంది.