శాసనం కాదన్న ధాన్యం: బవేరియా గోధుమ బీరు – గృహ తయారీ

ఉపోద్ఘాతం

జర్మన్ బీరు సంప్రదాయాన్ని ప్రస్తావించే రచనలన్నీ దాదాపుగా 1516 నాటి బవేరియా శాసనంతో మొదలవుతాయి. నాల్గవ విల్‌హెల్మ్, పదవ లుడ్విగ్ అనే ప్రభువులు ఆ ఏడు ఏప్రిల్ 23న ఇంగోల్‌స్టాట్‌లో వెలువరించిన ఆ శాసనం బీరులో బార్లీ, హాప్స్, నీరు తప్ప మరేదీ చేరరాదని విధించింది. అయితే నేడు ఇళ్లలో ఔత్సాహికులు జర్మన్ సంప్రదాయ పానీయంగా తయారుచేసుకొనే హెఫెవైట్సెన్‌లో సగమో, అంతకు మించో ఉండేది గోధుమ. శాసనపాఠాన్ని ఉన్నదున్నట్లు పాటిస్తే ఈ బీరు నిషిద్ధం. నిషిద్ధమైనది సంప్రదాయంగా ఎలా మారిందన్నది ఇక్కడి పరిశీలనాంశం.

శాసనం – మినహాయింపు

1516 శాసనానికి ప్రధాన విషయం ధర. శీతకాలంలో ఒక మాస్ కొలత, అంటే సుమారు లీటరు బీరు, ఒక ఫెనిగ్‌కూ వేసవిలో రెండు ఫెనిగ్‌లకూ మించి అమ్మరాదన్నది దాని తొలి ఆదేశం. ముడిపదార్థాల నియమం ఆ తర్వాత వచ్చే చిన్న భాగం. గోధుమను రొట్టెలకు మిగల్చడమే ఆ నియమానికి కారణమని సాధారణంగా చెప్పే వివరణ. దీన్ని ‘శుద్ధతా శాసనం’ అనే అర్థంలో ‘రైన్‌హైట్స్‌గెబోట్’ అని పిలవడం 1918లో గాని మొదలుకాలేదు. నాలుగు శతాబ్దాల తర్వాత పెట్టిన పేరు మూలపాఠాన్ని చదివే తీరునే మార్చివేసింది.

గోధుమ బీరు తయారుచేసే హక్కును ప్రభువులు 16వ శతాబ్దిలో డెగెన్‌బెర్గ్ వంశానికి ప్రత్యేకంగా ఇచ్చారు. 1602లో ఆ వంశపు హాన్స్ సిగ్‌మండ్ వారసులు లేకుండా మరణించడంతో హక్కు బవేరియా ప్రభువు మొదటి మాక్సిమిలియన్‌కు చేరింది. ఆయన దానిని మరొకరికి ఇవ్వలేదు, తానే గుత్తగా ఉంచుకొన్నాడు. 1607లో మ్యూనిక్‌లోనూ కెల్‌హైమ్‌లోనూ గోధుమ బీరుకు ప్రభుత్వ తయారీశాలలు వెలిశాయి. సామాన్యుడికి నిషిద్ధమైన ధాన్యం ప్రభువు ఖజానాకు రాబడి అయింది.

ఈ గుత్తకు విలువ తెచ్చినది వాతావరణం. బార్లీ బీరు వేసవిలో చెడిపోతున్నదని 1553లో ఏప్రిల్ 23 మొదలు సెప్టెంబరు 29 వరకు దాని తయారీని నిషేధించారు. గోధుమ బీరును పులియబెట్టే ఈస్ట్‌కు వెచ్చదనమే అనుకూలం. తక్కినవారి బట్టీలు చల్లారిన నెలల్లోనూ ప్రభువు బట్టీ మండుతూనే ఉండేది. 1798లో గుత్త తొలగేనాటికి జనాదరణ తగ్గింది. 1872లో గేయోర్గ్ ష్నైడర్ రాజు రెండవ లుడ్విగ్ నుంచి తయారీ హక్కు పొందడంతో అది మళ్లీ నిలదొక్కుకొంది. 1906 నాటి జర్మన్ సామ్రాజ్య చట్టం ఉపరితల కిణ్వనంతో తయారయ్యే బీర్లలో ఇతర ధాన్యాల మాల్ట్‌ను అనుమతించింది. మినహాయింపు ఆ విధంగా నియమంలో భాగమైంది.

వంటింటి పాత్రలో

ఇరవై లీటర్ల బీరుకు సుమారు నాలుగున్నర కిలోల మాల్ట్ కావాలి. అందులో గోధుమ సగానికి తగ్గరాదు, మిగిలినది బార్లీ. గోధుమగింజకు ఊక అంటిపెట్టుకొని ఉండదు. అదొక్కటే వాడితే నానిన పిండి జిగురుకట్టి రసం దిగదు. బార్లీ ఊకే వడపోత గుడ్డగా పనిచేస్తుంది. శాసనం చెప్పిన ధాన్యం లేకుండా శాసనం కాదన్న ధాన్యం పానీయం కాలేదన్నమాట.

పిండిని మొదట 45 డిగ్రీల సెల్సియస్ వద్ద కొద్దిసేపు ఉంచితే ఫెరూలిక్ ఆమ్లం విడుదలవుతుంది. ఈస్ట్ దానిని లవంగపు వాసననిచ్చే పదార్థంగా మారుస్తుంది. అరటిపండు వాసన ఐసోఅమైల్ అసిటేట్‌ది, అదీ ఈస్ట్ చేసేదే. లవంగం, అరటి ఏవీ కలపని పానీయంలో ఆ రెండు వాసనలూ ఉండడం కొత్తవారిని ఆశ్చర్యపరుస్తుంది. ఆపై పిండిలో సుమారు మూడోవంతు వేరుచేసి మరిగించి తిరిగి కలపడం పాత పద్ధతి. ఉష్ణమాపకం లేని కాలంలో వేడిని నిర్దిష్టంగా పెంచడానికి అంతకన్నా నమ్మకమైన ఉపాయం లేదు. స్నానానికి మరిగిన నీళ్లు, చన్నీళ్లు కలిపి వేడి కుదుర్చుకోవడం వంటిదే ఇది. రసాన్ని వడగట్టి, కొద్దిపాటి హాప్స్‌తో మరిగించి, చల్లార్చి, 20 డిగ్రీల వద్ద ఈస్ట్ కలుపుతారు. పులియని రసం కొంత దాచి, సీసాల్లో నింపేటప్పుడు చేరుస్తారు. నురుగుకు కావలసిన వాయువు సీసాలోనే పుడుతుంది. వాయుపీడనం ఎక్కువ గనుక మందపాటి సీసాలే వాడాలి.

1516 శాసనంలో ఈస్ట్ ప్రస్తావన లేదు. పెరుగుకు తోడు వేసినట్లు, ముందు పులిసిన బీరు నురుగునో మడ్డినో తర్వాతి దానికి కలపడం వృత్తిజ్ఞానం. అది సజీవ కణమని పాశ్చర్ 1876 గ్రంథం స్థిరపరచగా, ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ 1883లో కోపెన్‌హాగెన్‌లో దానిని శుద్ధరూపంలో వేరుచేశాడు. బవేరియా ప్రభువులు ధాన్యాన్ని, కాలాన్ని, ధరను నియంత్రించగలిగారు గాని రుచికి మూలమైన దానికి వారి శాసనాల్లో పేరే లేదు.

జర్మనీలో 2024 నుంచి సొంత వాడకానికి ఏడాదికి 500 లీటర్ల వరకు ఇంట్లో తయారుచేసుకొన్న బీరుపై పన్ను లేదు, అంతకుముందు ఆ పరిమితి 200 లీటర్లు. ఇక ‘తోడు’ విషయం: వడకట్టని గోధుమ బీరులో ఈస్ట్ సీసా అడుగున పేరుకొంటుంది. కొన్ని తయారీశాలలు అడుగున వేరే ఈస్ట్‌ను వాడుతున్నా, అసలుదే వాడేచోట ఆ మడ్డిని కొద్దిపాటి మాల్ట్ రసంలో పెంచి ఔత్సాహికులు తమ తర్వాతి పాత్రకు వేసుకొంటున్నారు.