టీకా ఖరీదు ఎవరు కట్టాలి?

మన పెద్దవాళ్ల చేతుల మీద గుండ్రటి మశూచి టీకా మచ్చ యిప్పటికీ కనబడుతుంది. పిల్లలకు నేటికీ సర్కారు దవాఖానాలో టీకా వేస్తే పైసా అడగరు. దీనికి మనం ఎంతగా అలవాటు పడ్డామంటే, టీకా ఎప్పుడూ ఉచితమే అనుకుంటాం. నిజానికి యీ హక్కు దానంతటది రాలేదు. దాని వెనుక రెండు వందల యేళ్ల చరిత్ర వున్నది.

1796లో ఇంగ్లండు వైద్యుడు ఎడ్వర్డ్ జెన్నర్ మశూచికి టీకా కనిపెట్టాడు. దాని మీద పేటెంటు తీసుకోలేదు. బర్క్‌లీ గ్రామంలో తన తోటలోని చిన్న పాకలో బీదలకు ఉచితంగా టీకాలు వేశాడు. యిందువల్ల ఆయనకు కలిగిన నష్టానికి బదులుగా బ్రిటిష్ పార్లమెంటు 1802లో 10,000 పౌన్లు, 1807లో 20,000 పౌన్లు మంజూరు చేసింది. 1840లో బీదలకు ఉచితంగా టీకా వేయాలని అక్కడ చట్టమే చేశారు. అంటువ్యాధికి గొప్పవాడి యిల్లు, బీదవాడి యిల్లు అనే తేడా లేదు. పక్కింటి పిల్లవాడికి టీకా పడకపోతే మన పిల్లవాడికీ ముప్పే. అందుకే ఖర్చు అందరూ కలిసి, అంటే ఖజానా నుంచి భరించాలన్న నీతి స్థిరపడింది.

మన దేశంలో మొదటి టీకా 1802 జూన్ 14న బొంబాయిలో ఒక మూడేళ్ల పాపకు వేశారు. జాతీయ మశూచి నిర్మూలన కార్యక్రమం 1962లో మొదలైంది. 1975 మే తర్వాత దేశంలో మశూచి కేసు లేదు. 1978లో పిల్లల టీకాల విస్తృత కార్యక్రమం, 1985లో సార్వత్రిక టీకాల కార్యక్రమం వచ్చాయి. 1995లో పల్స్ పోలియో ఆరంభించారు. ఉత్తరప్రదేశ్‌లో మన సముదాయంలో చుక్కల మందు మీద పుకార్లు లేచినప్పుడు అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం, జామియా మిల్లియా వంటి సంస్థలు, మసీదుల ఇమాములు జనానికి నచ్చజెప్పారు. చివరి పోలియో కేసు 2011 జనవరిలో హౌరా జిల్లాలో నమోదైంది.

యింత అనుభవం వుండి కూడా 2021లో యీ నీతికి గండిపడింది. మే 1 నుంచి 18–44 యేళ్ల వారికి కోవిడ్ టీకాలు రాష్ట్రాలు, ప్రైవేటు ఆసుపత్రులు సొంతంగా కొనుక్కోవాలన్నారు. కేంద్రానికి 150 రూపాయలకు యిచ్చిన కోవిషీల్డు రాష్ట్రాలకు 300, ప్రైవేటు ఆసుపత్రులకు 600 అయింది. మన హైదరాబాదులోనే తయారైన కోవాగ్జిన్ ప్రైవేటుకు 1,200. చాలా రాష్ట్రాలు ఉచితమే అన్నా సరుకు చాలలేదు. మే 31న సుప్రీంకోర్టు యీ విధానం సహేతుకంగా కనిపించడం లేదని వ్యాఖ్యానించింది. జూన్ 7న కేంద్రం విధానం మార్చి, జూన్ 21 నుంచి పెద్దలందరికీ ఉచితమని ప్రకటించింది. ప్రైవేటు ఆసుపత్రిలో గరిష్ఠ ధర కోవిషీల్డుకు 780, కోవాగ్జిన్‌కు 1,410గా నిర్ణయించారు. ఆ 1,410లో మందు ధర 1,200, పన్ను 60, వేసినందుకు రుసుము 150. ఐదుగురున్న కుటుంబం రెండేసి మోతాదులు కొనుక్కుంటే 14,100 రూపాయలు! రోజు కూలి మీద బతికే యింటికి అది ఎన్ని నెలల తిండి ఖర్చో ఆలోచించండి.

యీ లెక్క చూస్తే మనకు ఒక పాఠం వున్నది. ఏ టీకా బిల్లయినా ముక్కలు చేసి చూడాలి: మందుకెంత, వేసినందుకెంత, డాక్టరు ఫీజెంత. వేయించే ముందే అడగడం మర్యాద తప్పడం కాదు. బీసీజీ, పోలియో, పెంటావాలెంట్, రోటావైరస్, న్యుమోనియా టీకా, తట్టు–రూబెల్లా టీకాలు సర్కారు కేంద్రాల్లో ఉచితం. కుక్క కరిస్తే వేసే టీకా కూడా సర్కారు ఆసుపత్రిలో ఉచితమే. ప్రైవేటులో వేయించుకుంటే పెట్టె మీద అచ్చయిన ధర చూడండి. అంతకు మించి మందుకు వసూలు చేయడం నేరం. రసీదు తప్పక తీసుకోండి. బిల్లు ఎక్కువనిపిస్తే ఆ రసీదే మన సాక్ష్యం.

1987లో హజ్ సమయంలో మక్కాలో మెదడువాపు జ్వరం చెలరేగిన తర్వాత యాత్రికులకు టీకా తప్పనిసరి చేశారు. హజ్ కమిటీ ద్వారా వెళ్లేవారికి శిబిరాల్లో ఉచితంగా వేస్తున్నారు. ఉమ్రాకు వెళ్లేవారు మాత్రం సాధారణంగా సొంత ఖర్చుతో వేయించుకోవాలి. ప్రయాణం పైకం లెక్క కట్టుకునేటప్పుడే యిది కలుపుకుంటే ఆఖరి నిమిషంలో అప్పు చేయనక్కరలేదు.

ఉచిత టీకా సర్కారు వేసే భిక్ష కాదు. మనం చక్కెర, బట్ట కొన్నప్పుడల్లా ఎవరో ఒకరు కట్టిన పన్నుల సొమ్ముతో వచ్చినదే. కాబట్టి మన మొహల్లాలో ఒక్క బిడ్డ కూడా డబ్బు లేదని టీకాకు దూరం కాకుండా చూసుకోవాలని సభ్యులందరికీ మా మనవి.